రెండో యంత్రానికి అభ్యంతరాలు

1953 మార్చి 9, సోమవారం, ఉదయం 10 గంటల 20 నిమిషాలకు, ఎర్మీనియో రమల్యో ఇంటి వెనకాల ఉన్న పనిశాలలో, లిస్బన్ నుంచి వచ్చిన తనిఖీ అధికారి ఒక సీసపు బిళ్ళను పటకారుతో నొక్కి మూశాడు. బిళ్ళ వ్యాసం తొమ్మిది మిల్లీమీటర్లు. దానిలోంచి పోయిన రెండు పేటల తీగ, కొత్తగా తెచ్చిన అల్లిక యంత్రం చక్రాన్ని దాని చట్రానికి కట్టివేసింది. చక్రం ఇక తిరగదు. అధికారి చేతులు తుడుచుకుని, అనుమతి వచ్చేదాకా తీగను ముట్టుకోవడం నేరమని చెప్పి, ఎర్మీనియో భార్య జుల్మీరా ఇచ్చిన సూపు తాగి, మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోయాడు.

ఎర్మీనియోకు అప్పటికి నలభై రెండేళ్ళు. ఆవె నది లోయలో మా ఊళ్ళో బూటు లేసులు అల్లేవాళ్ళు ఇద్దరే. ఒకరు ఎర్మీనియో. రెండోవాడు అతని చెల్లెలి భర్త ఫెలిస్బెర్తో బర్రోజు. వీధికి అవతలి పక్క, సరిగ్గా ఎదురుగా ఉంటాడు. ఇద్దరికీ చెరొక యంత్రం. ఒక్కొక్క దానికి పదహారు కండెలు. జడకోలాటంలో పిల్లలు ఒకరినొకరు దాటుకుంటూ తిరిగినట్టు ఆ కండెలు తిరుగుతూంటే, నడుమ నుంచి నల్లటి గుండ్రటి లేసు నెమ్మదిగా పైకి లేస్తుంది.

పోర్తోలో మూతపడిన ఒక పనిశాల నుంచి, అక్కడ ఒక్కసారీ తిప్పకుండానే ఉండిపోయిన రెండో యంత్రాన్ని ఎర్మీనియో 1952లో కొన్నాడు. అది ఎనభై నాలుగు కిలోల బరువు. బండి మీద ఇంటికి తెచ్చి, విప్పి, కడిగి, మళ్ళీ బిగించాడు. ఇరవై ఏళ్ళుగా ఒకే యంత్రం ఒకే శబ్దం చేయడం విన్న మనిషి అతను. రెండు యంత్రాలు కలిసి తిరిగితే ఆ రెండు శబ్దాలు ఒకదానితో ఒకటి కలుస్తాయో, ఒకదాన్నొకటి తరుముకుంటాయో వినాలని అతని కోరిక. జీవితంలో అతను గట్టిగా కోరుకున్నది, నాకు తెలిసినంతలో, అదొక్కటే.

కాని ఆ కాలపు చట్టం ప్రకారం మంత్రిత్వ శాఖ అనుమతి లేకుండా దేశంలో ఎవరూ కొత్త యంత్రం పెట్టకూడదు. అనుమతి కోరిన అర్జీ అందగానే, అదే సరుకు తయారుచేసే మిగతావాళ్ళకు లిస్బన్ కార్యాలయం రిజిస్టరు ఉత్తరం పంపేది: మీ అభ్యంతరాలను ముప్పై రోజుల్లోగా కారణాలతో సహా తెలియజేయండి. మిగతావాళ్ళంటే ఇక్కడ ఫెలిస్బెర్తో ఒక్కడే.

ఫెలిస్బెర్తో ఆ ఉత్తరం పట్టుకుని వీధి దాటి వచ్చాడు. అతను సంతకం చేయగలడు, అంకెలు చదవగలడు. అంతకు మించి చదువు లేదు. ఊళ్ళో ఎవరికి అర్జీ కావాలన్నా రాసేది ఎర్మీనియోయే. స్టాంపు కాగితం మీద ఇరవై ఐదు గీతలుంటాయి. ఇరవై ఐదో గీత మీద చివరి అక్షరం సరిగ్గా ఆగేలా రాయగల చెయ్యి లోయలో అతనిది ఒక్కటే.

ఎర్మీనియో ఉత్తరం పూర్తిగా చదివి వినిపించాడు.

ఫెలిస్బెర్తో కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అయితే రాయి బావా, నా అభ్యంతరం."

"నీకు అభ్యంతరం ఉందా?"

"నాకేముంటుంది? నువ్వు రెండు పెట్టుకో, పది పెట్టుకో. కాని వాళ్ళు అడిగారు కదా. గవర్నమెంటు అంత దూరం నుంచి నా పేరు రాసి అభ్యంతరం చెప్పమంటే, లేదని ఎలా అంటాం? ఏమనుకుంటారు?"

ఎర్మీనియో ఈ మాటలో తప్పు వెతికాడు, దొరకలేదు. ప్రభుత్వం అడిగింది అభ్యంతరం. పరువు గలవాడు అడిగినది ఇవ్వాలి. జుల్మీరా మాత్రం గిన్నెలు కడుగుతూ వంటగదిలోంచి, ఊరికి ఇద్దరు పిచ్చివాళ్ళు చాలరన్నట్టు లిస్బన్లో మూడోవాడు కూడా ఉన్నాడని అంది.

ఎర్మీనియో స్టాంపు కాగితం తీసి రాయడానికి కూర్చున్నాడు. అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. ఏదో ఒక బలహీనమైన అభ్యంతరం రాసి వదిలేయవచ్చు. కాని నాసిరకం లేసు చేతికివ్వడం అతనికి ఎంత కష్టమో, నాసిరకం వాదన రాయడమూ అంతే కష్టం. పైగా కింద ఉండేది బావ సంతకం. లిస్బన్లో ఎవరో చదివి, ఫెలిస్బెర్తో బర్రోజు వట్టి తెలివితక్కువవాడని అనుకుంటే, అది చెల్లెలి కాపురానికే అవమానం. కాబట్టి నాలుగు సాయంత్రాలు కూర్చుని లెక్కలు వేశాడు. జిల్లాలో బూట్లు తొడిగే కాళ్ళెన్ని, ఒక జత లేసు ఎన్ని నెలలు మన్నుతుంది, ఇప్పుడున్న రెండు యంత్రాలు ఏడాదికి ఎన్ని మీటర్లు అల్లుతాయి: మూడో యంత్రం వస్తే లేసులు కాళ్ళను మించిపోతాయని నిరూపించాడు. చివర ఆనాటి ఆచారం ప్రకారం 'జాతి శ్రేయస్సు కోసం' అని ముగించి, కాగితాన్ని బావ వైపు తిప్పాడు. ఫెలిస్బెర్తో సంతకం పెట్టాడు.

ఎర్మీనియో అర్జీ తిరస్కరించబడింది. కారణాల్లో మొదటిది: బర్రోజుగారి వాదన తిరుగులేనిది.

ఆ ఆదివారం చర్చి అయ్యాక కాఫీ హోటల్లో ఇద్దరూ ఎప్పటిలాగే పేకాటకు ఎదురెదురుగా కూర్చున్నారు. మా ఆటలో ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు ఒకే జట్టు. వాళ్ళే గెలిచారు.

తిరస్కరించిన అర్జీని రెండేళ్ళ తరవాత మళ్ళీ పెట్టవచ్చు. అలా 1955లో, 57లో, 59లో పెట్టాడు. ప్రతిసారీ అర్జీలో గత అభ్యంతరాన్ని ఖండించాడు. ప్రతిసారీ ఆ ఖండనను తరవాతి అభ్యంతరంలో ఖండించాడు. 1959 నాటి అర్జీలో, పట్టణాల్లో ఉత్తకాళ్ళతో తిరగడం నిషేధం కనక లేసుల అవసరం పెరుగుతుందన్నాడు. బర్రోజు పేరున వెళ్ళిన జవాబులో, పల్లె ఆడవాళ్ళు వంతెన దాకా బూట్లు చేత్తో మోసుకొచ్చి, వంతెన మీద తొడుక్కుని, తిరిగి వెళ్ళేటప్పుడు అక్కడే విప్పుతారని, అందువల్ల వారానికి లేసు అరిగే సమయం సగటున మూడు గంటల పది నిమిషాలేనని తేల్చాడు. ఈ అంకె కోసం అతను రెండు శనివారాలు వంతెన మీద గడియారంతో నిలబడ్డాడు. నేను చూశాను.

ఈ వాదనలకు లిస్బన్లో మంచి పేరు వచ్చింది. 1961లో ఫెలిస్బెర్తోను ఏదో సలహా సంఘంలో వేశారు. అతను ఒకసారి రైలెక్కి వెళ్ళి, నాలుగు గంటలు నోరు విప్పకుండా కూర్చుని, లోతైన మనిషి అన్న బిరుదుతో తిరిగొచ్చాడు.

ఇన్నేళ్ళూ యంత్రం గోడ పక్కనే ఉంది. శనివారం సాయంత్రం ఎర్మీనియో తీగను తాకకుండా దానికి నూనె పోసేవాడు. ఏటా నవంబరు ఒకటిన, చనిపోయినవాళ్ళ సమాధులకు పూలు పెట్టి వచ్చాక, పదహారు కండెల పాత నూలు విప్పి కొత్త నూలు చుట్టేవాడు. అనుమతి వచ్చిన రోజున నూలు చివికిపోయి ఉండకూడదు కదా.

1963లో చిన్న ప్రమాదం జరిగింది. ఆఫ్రికాలో యుద్ధం మొదలై రెండేళ్ళయింది. సైనికుల బూట్లకు ఇంకా చాలా ఏళ్ళు లేసులు కావలసి ఉంటుందని అతను అర్జీలో రాశాడు. ఎదురు కాగితంలో, అక్కడ జరుగుతున్నది యుద్ధం కాదని, అది త్వరలో ముగుస్తుందని ప్రభుత్వమే చెప్పిందని, అర్జీదారు దీన్ని నమ్మకపోవడం విచారకరమని బర్రోజు పేరున తానే రాశాడు. మూడు వారాల తరవాత రాజకీయ పోలీసులు ఇద్దరు వచ్చారు. వాళ్ళలో పొట్టివాడు రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పరిచి చాలాసేపు చూశాడు.

"ఈ రెండూ ఒకే చేతి రాత."

"అవునండీ."

"అంటే నీ మీద నువ్వే ఫిర్యాదు చేసుకున్నావా?"

"ఫిర్యాదు మా బావది. రాత నాది."

"యుద్ధం సాగుతుందని ఒక కాగితంలో, సాగదని ఇంకో దాంట్లో. నువ్వు నమ్మేది ఏది?"

ఎర్మీనియో ఇది నిజంగా ఆలోచించి చెప్పవలసిన ప్రశ్నగా భావించాడు. "రెండూ జాగ్రత్తగానే రాశానండీ," అన్నాడు చివరికి.

పొట్టివాడు పొడుగువాడి వైపు చూశాడు. తరవాత తెలిసిన ప్రకారం వాళ్ళ నివేదికలో, ద్రోహమూ దేశభక్తీ సమపాళ్ళలో ఉన్నందున చర్య అవసరం లేదని ఉంది. వెళ్ళేముందు పొట్టివాడు తన అక్క పింఛను అర్జీ ఒకటి రాయించుకున్నాడు.

పదకొండో అర్జీ 1973 అక్టోబరులో వెళ్ళింది. నవంబరులో ఎర్మీనియోకు న్యుమోనియా వచ్చింది. నలభై ఒక్క రోజులు మంచం దిగలేదు. జ్వరంలో అతను కలవరించినదల్లా ఫెలిస్బెర్తో అభ్యంతరం గురించే. గడువు దాటుతోందనీ, బావ పరువు పోతుందనీ. ఫెలిస్బెర్తో మంచం పక్కన టోపీ తిప్పుకుంటూ కూర్చుని, తాను పోస్టాఫీసులో ఎవరినైనా అడుగుతానన్నాడు. వేరేవాళ్ళ రాత వెళ్తే లిస్బన్లో గుర్తుపడతారని ఎర్మీనియో ఒప్పుకోలేదు. గడువు దాటింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

అనుమతి మంజూరైంది.

ఆ ఉత్తరం 1974 ఏప్రిల్ 25, గురువారం, ఉదయం 9 గంటల 40 నిమిషాలకు వచ్చింది. జనాన్ని ఇళ్ళలోనే ఉండమని రేడియోలో సైనికులు చెబుతున్నారని, కాని రిజిస్టరు ఉత్తరం సంచిలో పెట్టుకుని ఇంట్లో కూర్చోవడం తన వల్ల కాలేదని పోస్టుమాన్ అన్నాడు. ఎర్మీనియో నిలబడే చదివాడు. షరతులు మూడు. మూడో షరతు: సీలును ఈ కార్యాలయపు అధికారి మాత్రమే తొలగించాలి, ఇంకెవరు తొలగించినా అనుమతి చెల్లదు. కింద 'జాతి శ్రేయస్సు కోసం' అని ఉంది. సాయంత్రానికి లిస్బన్లో తుపాకీ గొట్టాల్లో ఎర్ర పూలు గుచ్చారని, నలభై ఎనిమిదేళ్ళ పాలన పడిపోయిందని తెలిసింది. ఊరంతా వీధిలోకి వచ్చింది. ఎర్మీనియో కూడా వచ్చాడు, ఉత్తరం జేబులో పెట్టుకుని. అధికారి ఎప్పుడు వస్తాడో అడగడానికి కార్యాలయం ఇంకా ఉందో లేదో చెప్పగలవాడు ఆ జనంలో ఎవరూ కనబడలేదు.

ఫెలిస్బెర్తో మాత్రం దిగులుగా కనిపించాడు. "ఇక నేను ఎవరికి అభ్యంతరం చెప్పాలి బావా?" అన్నాడు.

మరుసటి వేసవిలో దేశమంతా పనివాళ్ళు కర్మాగారాలను స్వాధీనం చేసుకుంటున్నారు. ఎర్మీనియో పనిశాలలో పనివాళ్ళు ఇద్దరు: పదిహేడేళ్ళుగా పనిచేస్తున్న దియొలిందా, ఇంకా జుల్మీరా. ఒక శుక్రవారం ఇద్దరూ కలిసి సర్వసభ్య సమావేశం పెట్టారు. యజమాని భార్య కార్మికురాలెలా అవుతుందని ఫెలిస్బెర్తో గుమ్మంలోంచి అడిగాడు.

"ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశాను, ఒక్క నెల జీతం ఎరగను," అంది జుల్మీరా. "నాకంటే దోపిడీ అయిన ఆడది ఈ లోయలో ఉంటే పిలువు అన్నయ్యా, ఇక్కడ కుర్చీ ఖాళీ చేసి పోతాను."

సమావేశానికి మినిట్సు రాయాలి. రాయగల చెయ్యి ఒక్కటే ఉంది. అందువల్ల యజమాని రమల్యోను పనిశాల నుంచి తొలగిస్తూ రెండు ఓట్లతో ఏకగ్రీవంగా చేసిన తీర్మానాన్ని యజమాని రమల్యోయే, ఓటు లేకుండా, పక్కన కూర్చుని రాశాడు. తొలగింపుకు చూపిన కారణాలు సరిపోవని అనిపించి, ఒక కారణం తానే సూచించాడు, దాన్నీ చేర్చారు. రెండో తీర్మానం, యంత్రం బాగుచేయడం తెలిసినవాడు కనక అతన్ని పనిలో ఉంచుకోవాలని. మూడోది, రెండో యంత్రానికి పాత ప్రభుత్వం వేసిన సీలును ఆ రోజే తెంచాలని. చివర 'విప్లవాభివందనాలతో' అని రాసేటప్పుడు ఒక అక్షరం గీత దాటింది. అది తొలగింపు వల్ల కాదు. ఇంకో అయిదు నిమిషాల్లో చక్రం తిరుగుతుంది. తెంచేది తాను కాదు, అధికారం ఉన్న సంఘం. లేచి పటకారు తెచ్చి దియొలిందా చేతికిచ్చాడు.

సరిగ్గా అప్పుడే విప్లవ సైన్యం తరఫున పల్లెల్లో ప్రచారం చేస్తూ తిరుగుతున్న ఒక లెఫ్టినెంటు లోపలికి వచ్చాడు. కార్మికులకు వందనం చేశాడు. సీసపు బిళ్ళను చూసి, దాని కథ విని, టోపీ తీశాడు.

"దీన్ని ముట్టుకోకండి," అన్నాడు. "ఫాసిజం శ్రామికుడి చేతులకు వేసిన సంకెల ఇది. సాక్ష్యం. ప్రదర్శనశాల పెడుతున్నాం, మనుషులొచ్చి యంత్రాన్ని ఉన్నదున్నట్టు తీసుకెళ్తారు. అందాకా ఈ తీగ ప్రజల ఆస్తి."

దియొలిందా పటకారు బల్ల మీద పెట్టేసింది. ఎర్మీనియో నాలుగో తీర్మానం రాశాడు.

ప్రదర్శనశాల మనుషులు రాలేదు. దియొలిందా పెళ్ళి చేసుకుని ఫ్రాన్సు వెళ్ళింది. ఒక్కతే సమావేశాలు పెట్టుకోవడం విసుగొచ్చి, నీ పనిశాల నువ్వు తీసుకోవయ్యా అని జుల్మీరా తాళాలు మొగుడి చేతిలో పెట్టింది. తరవాతి పదేళ్ళలో దేశం రెండుసార్లు విదేశాల వాళ్ళను అప్పు అడిగింది, లెక్కపెట్టలేనన్ని మంత్రివర్గాలు మారాయి. ప్రతి కొత్త మంత్రివర్గానికీ ఎర్మీనియో ఒక ఉత్తరం రాశాడు. వచ్చిన జవాబుల్లో వివరంగా ఉన్నది 1979 నాటిది: సీలును తొలగించే అధికారం ఉన్న కార్యాలయం రద్దయింది; రద్దయిన కార్యాలయం వేసిన సీలు ఉన్నట్టు ఈ శాఖ గుర్తించదు; లేని సీలును తొలగించడం సాధ్యం కాదు.

"లేదని వాళ్ళే రాశారుగా, తెంచెయ్యి," అంది జుల్మీరా.

"లేదని రాశారు. తెంచవచ్చని రాయలేదు."

"ఎవరు చూస్తారయ్యా?"

"ఇరవై ఆరేళ్ళు ఆగాను జుల్మీరా. ఇప్పుడు దొంగతనంగా తిప్పితే ఆ శబ్దం నాకు వినబడదు."

ఆమె ఇక ఆ సంగతి ఎత్తలేదు. శనివారాలు నూనె గిన్నె తానే తెచ్చి ఇచ్చేది.

1986లో దేశం ఐరోపా సమాజంలో చేరింది. అదే ఏడు స్టాంపు కాగితం రద్దయింది. ఎర్మీనియో దగ్గర నలభై మూడు ఖాళీ కాగితాలు మిగిలిపోయాయి. బజారులో లేసు అక్కర్లేని, గీరుకుని అంటుకునే పట్టీల బూట్లు వచ్చాయి. ఫెలిస్బెర్తో తన యంత్రాన్ని అమ్మేశాడు, కాని లేసులవాడిగా పేరు రికార్డుల్లో అలాగే ఉంది. అంతకు పదేళ్ళ ముందు, అరవై ఎనిమిదో ఏట, అతను పెద్దల బడిలో చేరి చదవడం, రాయడం నేర్చుకున్నాడు. కాని రాయవలసిన అవసరం ఇన్నాళ్ళూ రాలేదు.

1988 వేసవిలో బ్రస్సెల్స్ డబ్బుతో ఒక పథకం వచ్చింది. దేశంలో యంత్రాలు ఎక్కువయ్యాయట. ఎవరైనా ఒక యంత్రాన్ని శాశ్వతంగా ధ్వంసం చేస్తే పరిహారం ఇస్తారు. పత్రం ఇరవై రెండు పేజీలు. ఎర్మీనియో అన్నీ చదివాడు. పద్నాలుగో పేజీలో ఆగి, మళ్ళీ చదివి, జుల్మీరాను పిలిచాడు. యంత్రం ధ్వంసానికి పెడుతున్నానని చెప్పాడు.

ఆమె నూనె గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది. "ముప్పై అయిదేళ్ళు దానికి నూనె పోసింది ముక్కలు చేయించడానికా?"

"తుక్కు చూపించి డబ్బు తీసుకోకుండా ఒక షరతు పెట్టారు. అధికారి వచ్చి, ఉన్న అడ్డంకులన్నీ తీయించి, పావుగంట నడిపించి చూడాలి. ఆ తరవాతే ముక్కలు."

"తరవాత ముక్కలే కదా."

"ముందు తిరగాలి కదా."

పదిహేడో అంశం కింద, అదే సరుకు చేసే మరొకరి నుంచి అభ్యంతరం ఉందో లేదో లిఖితంగా తేవాలి. ఎర్మీనియో వీధి దాటి వెళ్ళి, అలవాటు ప్రకారం కలం మూత తీసి, ఏం రాయమంటావని అడిగాడు. ఎనభై ఏళ్ళ ఫెలిస్బెర్తో కాగితం తన వైపు లాక్కున్నాడు. నాలిక బయటపెట్టి, ఒక్కొక్క అక్షరం గట్టిగా నొక్కుతూ, ఇరవై నిమిషాలు రాశాడు. రాసి తిప్పి ఇచ్చాడు. అందులో ఇలా ఉంది: నాకు అభ్యంతరం లేదు. ఎప్పుడూ లేదు.

ఎర్మీనియో రెండుసార్లు చదివాడు. "కారణాలు రాయలేదు బావా," అన్నాడు.

"కారణాలు రాసేవాడివి నువ్వు. నాకు రావు."

ఎర్మీనియో ఆ కాగితాన్ని మడవకుండా రెండు అట్టల మధ్య పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

1988 నవంబరు 8, మంగళవారం, పోర్తో నుంచి గ్రాసిందా అనే ఇంజినీరు వచ్చింది, ముప్పై ఏళ్ళుంటాయి. ఆమె వెంట గ్యాసు కత్తితో ఒక పనివాడు. సీసపు బిళ్ళను చూసి, ఇదేమిటని అడిగింది. ఎర్మీనియో మూడు నిమిషాల్లో చెప్పాడు. ఆమె సంచిలోంచి పటకారు తీసి, ఒక్క నొక్కుతో తీగ తెంచింది. బిళ్ళ నేల మీద పడి బల్ల కిందికి దొర్లింది. జుల్మీరా వంగి దాన్ని తీసి ఏప్రను జేబులో వేసుకుంది.

ఎర్మీనియో ముందు పాత యంత్రాన్ని నడిపించాడు. తరవాత, 11 గంటల 4 నిమిషాలకు, కొత్తదాన్ని. వారం కిందటే, ఒకటో తేదీన, చుట్టిన నూలు. పదహారు కండెలు ఒకదాన్నొకటి దాటుకుంటూ కదిలాయి. ఫెలిస్బెర్తో కుర్చీలో కూర్చుని కర్ర మీద గడ్డం ఆనించుకున్నాడు. రెండు శబ్దాలు మొదట విడివిడిగా ఉన్నాయి. కొత్తది కాస్త వేగం. ప్రతి నలభై సెకన్లకు ఒకసారి అవి సరిగ్గా ఒకే దెబ్బలో కలిసి, మళ్ళీ విడిపోతున్నాయి. ఎర్మీనియో కళ్ళు మూసుకుని, వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పావుగంటలో ఇరవై రెండుసార్లు కలిశాయి.

11 గంటల 19 నిమిషాలకు ఇంజినీరు తల ఊపింది. ఎర్మీనియో తన చేత్తోనే ఆపాడు, లేసును కత్తిరించాడు, పక్కకు జరిగాడు. గ్యాసు కత్తి చక్రాన్నీ, చట్రాన్నీ కోయడానికి ఆరు నిమిషాలు పట్టింది. పాత యంత్రాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు; అది అల్లుతూనే ఉంది.

పత్రంలో చివరి గడి ఒకటి మిగిలింది: యంత్రం జీవితకాలంలో చేసిన మొత్తం ఉత్పత్తి, మీటర్లలో. ఇలాంటి చోట్ల అందరూ ఉజ్జాయింపుగా ఒక పెద్ద అంకె వేస్తారనీ, తొమ్మిది లక్షలని రాసుకోవచ్చనీ ఇంజినీరు చెప్పింది.

"ఒక్క నిమిషం ఇంజినీరమ్మగారూ," అన్నాడు ఎర్మీనియో.

గోడకున్న చెక్క మీటరు బద్ద తెచ్చాడు. లేసును లాగకుండా, ముడతలు లేకుండా, బల్ల మీద పరిచి కొలిచాడు. ఒక చివర ఫెలిస్బెర్తో పట్టుకున్నాడు. తరవాత కళ్ళజోడు పెట్టుకుని, కలం మూత తీసి, మీటర్ల గడిలో మధ్యకు వచ్చేలా రాశాడు.

11.40